దగ్గుకు ఏ మందు? ముందు అడగవలసిన నాలుగు ప్రశ్నలు

(పాల ఉత్పత్తిదారుల సహకార సంఘాల అధ్యక్షులకు, కార్యదర్శులకు హైదరాబాదు గన్‌ఫౌండ్రీలో జరిగిన శిక్షణ తరగతిలో విస్తరణ సిబ్బంది తరఫున చేసిన ప్రసంగ పాఠం)



పొద్దుటి నుంచి మీరు వెన్న శాతం గురించి, దాణా గురించి, పొదుగువాపు గురించి విన్నారు. ఇప్పుడు పశువును గురించి కాక, పశువును సాకే మనిషిని గురించి నాలుగు మాటలు మనవి చేస్తాం. విషయం దగ్గు. "దగ్గు గురించి వినడానికి హైదరాబాదు దాకా రావాలా?" అని వెనుక వరుసలో ఒకరు నవ్వారు. ఆ నవ్వును మేము తప్పుపట్టం. మేమూ ఒకప్పుడు అలాగే నవ్వాం. దానివల్ల ఏం జరిగిందో ముందు చెప్పి, తరువాత విషయానికి వస్తాం.

మేము వైద్యులం కాము. ఊరూరా తిరిగే విస్తరణ సిబ్బందిమి. డాక్టర్లను అడిగి తెలుసుకున్నదీ, ఊళ్ళలో కళ్ళారా చూసినదీ మాత్రమే మీ ముందు పెడుతున్నాం.

మేము వెళ్ళే పాల సేకరణ కేంద్రాలలో ఒకదానిలో పాలు పరీక్షించే టెస్టరు ఒకాయన ఉన్నారు. పేరు చెప్పం. ఒక ఏడాది తొలకరి రోజులలో ఆయనకు దగ్గు పట్టుకుంది. "తెల్లవారుజామున తడిలో నిలబడే మనిషికి దగ్గు రాక ఏం వస్తుంది" అన్నాం. ఆయన దగ్గరి పట్నంలో ఒక క్లినిక్కుకు వెళ్ళారు. సిరప్పు ఇచ్చారు. తగ్గలేదు. మరొక సిరప్పు, దానితోపాటు యాంటీబయాటిక్ మాత్రలు ఇచ్చారు. అదీ అయింది. తరువాత మందుల దుకాణంలో అడిగి తానే కొనుక్కున్నారు. నాలుగు నెలలు గడిచాయి. ఇంట్లో సీసాలు వరుసగా పేరుకున్నాయి. "ఎన్నాళ్ళ నుంచి దగ్గుతున్నావు?" అని ఆయనను అడిగినవారు లేరు. తెమడ పరీక్ష చేయించినవారు లేరు. చివరకు ఆయన భార్య, చొక్కా భుజాల మీద వదులవుతున్నదని గమనించి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకుపోయింది. తెమడ పరీక్షలో క్షయ అని తేలింది.

ఆ నాలుగు నెలలూ ఆయన ఉదయం, సాయంత్రం చిన్న గదిలో, ఊరివాళ్ళందరి ఎదుట నిలబడి పాలు పరీక్షించారు. ఇంట్లో మూడేళ్ళ మనవరాలిని పక్కన పడుకోబెట్టుకున్నారు. అదృష్టవశాత్తు ఆ పాపకు వ్యాధి సోకలేదని పరీక్షలో తేలింది. ముందుజాగ్రత్త మందు మాత్రం నెలల తరబడి మింగవలసి వచ్చింది. ఆయన 6 నెలలు మందు వాడి పూర్తిగా కోలుకున్నారు. ఇప్పుడు మళ్ళీ లాక్టోమీటరు పట్టుకున్నారు. అయినా ఆ దగ్గును రోజూ విన్నవాళ్ళం మేమే కదా, ఒక్కమాట ఎందుకు అనలేకపోయాం అన్న బాధ మాకు ఇప్పటికీ ఉంది.

మనం కూర్చున్న ఈ ప్రాంతానికి గన్‌ఫౌండ్రీ అనే పేరు ఎందుకు వచ్చిందో మీలో చాలామందికి తెలుసు. 18వ శతాబ్దం చివరలో నిజాం కొలువులోని ఫ్రెంచి సేనాని రేమండ్ ఇక్కడ ఫిరంగులు పోత పోయించాడు. ఉర్దూలో తోప్ కా సాంచా అన్నారు. ఫిరంగి కోటగోడ కోసం పోసింది, పిచ్చుక కోసం కాదు. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం వేయరాదని మన పెద్దలు అననే అన్నారు. దగ్గు విషయంలో మన ఇళ్ళలో సరిగ్గా ఈ తప్పే జరుగుతున్నది. నాలుగు రోజుల పడిశం దగ్గుకు పెద్ద మందులు, సూదులు. నాలుగు నెలల దగ్గుకు మిరియాల కషాయం, సిరప్పు. చిన్నదానికి పెద్ద మందు, పెద్దదానికి చిన్న మందు. మేము ఈ రోజు చెప్పదలచింది ఇదొక్కటే. ఈ తారుమారు జరగకుండా ఉండాలంటే మందు పేరు అడిగేముందు నాలుగు ప్రశ్నలు అడగాలి.

మొదటి ప్రశ్న: ఎన్నాళ్ళుగా?

దగ్గు రోగం కాదు, రోగానికి గుర్తు. గొంతులోనో ఊపిరి గొట్టాలలోనో చేరిన చెత్తను బయటకు నెట్టడానికి శరీరం చేసే పని అది. పడిశంతో వచ్చే దగ్గు చాలావరకు వైరస్ వల్ల వస్తుంది. వైరస్ మీద యాంటీబయాటిక్ పనిచేయదు. ఇలాంటి దగ్గు వారంలో పోవాలని మనం ఆత్రపడతాం. నిజానికి అది రెండు వారాలు, ఒక్కొక్కసారి ఇంకొంచెం ఎక్కువ కూడా ఉండి, దానంతట అదే పోతుంది. చివరి రోజులలో ఏ మందు మింగితే ఆ మందుకు పేరు వస్తుంది.

యాంటీబయాటిక్ సంగతి పాడి రైతులకు వేరే చెప్పనక్కరలేదు. పొదుగువాపుకు సూది వేసిన గేదె పాలు గడువు తీరేవరకు కేంద్రంలో పోయరాదని మీరే ఊరికి చెబుతారు. అవసరం లేనిచోట వాడినా, సగంలో మానినా మందు మొద్దుబారిపోతుందనీ చెబుతారు. గేదెకు పాటించే నియమం మనిషికి పాటించకపోతే ఎలా?

ఇక రెండు వారాలు దాటిన దగ్గు. అది క్షయ అని భయపడవలసిన పని లేదు. తెమడ పరీక్ష చేయించవలసిన పని మాత్రం తప్పక ఉంది. దగ్గుతోపాటు సాయంత్రపు జ్వరం, రాత్రి చెమట, బరువు తగ్గడం ఉంటే, తెమడలో నెత్తురు జీర కనిపిస్తే, రెండు వారాలు కూడా ఆగరాదు. పరీక్ష, మందు రెండూ ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో ఉచితం. చికిత్స కాలంలో ఆహారం కోసం ప్రభుత్వం 2018 ఏప్రిల్ నుంచి నెలకు 500 రూపాయలు రోగి ఖాతాలో వేస్తూ వచ్చింది. 2024 నవంబరు నుంచి దానిని 1000 రూపాయలు చేసింది. సాధారణ క్షయకు మందు 6 నెలలు వాడాలి. రెండో నెలకే దగ్గు తగ్గి, ఆకలి పుట్టి, బాగయిందనిపిస్తుంది. చాలామంది అక్కడే మానేస్తారు. అలా మానితే జబ్బు మందుకు లొంగని రూపంలో తిరిగి వస్తుంది.

రెండవ ప్రశ్న: ఎవరికి?

పసిపిల్లల దగ్గు వేరు, పెద్దవాళ్ళ దగ్గు వేరు. పిల్లవాడు దగ్గుతుంటే సీసా వెతకడం కాదు, గడియారం చూడాలి. పిల్లవాడు ఏడవకుండా ఉన్నప్పుడు పొట్ట మీది బట్ట తీసి, నిండుగా ఒక నిమిషం ఊపిరి లెక్కపెట్టాలి. 2 నెలల లోపు బిడ్డకు నిమిషానికి 60, ఏడాది లోపు బిడ్డకు 50, అయిదేళ్ళ లోపు పిల్లలకు 40, అంతగానీ, అంతకు మించిగానీ ఉంటే అది న్యుమోనియా కావచ్చు. ఊపిరి పీల్చినప్పుడు డొక్కలు లోపలికి పోతున్నా, బిడ్డ పాలు తాగలేకపోతున్నా, మత్తుగా పడి ఉన్నా ఆ పూటే ఆసుపత్రికి తీసుకుపోవాలి. ఇక్కడ యాంటీబయాటిక్ ప్రాణం నిలుపుతుంది. ఫిరంగి కావలసిన చోటు ఇది.

ఆ లక్షణాలు లేని మామూలు దగ్గుకు పిల్లలకు సిరప్పు అవసరం లేదు. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వారా జిల్లాలో దగ్గు సిరప్పు తాగి మూత్రపిండాలు చెడి 20 మందికి పైగా పిల్లలు చనిపోయారు. ఆ మందులో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషపదార్థం 48 శాతానికి పైగా ఉన్నదని పరీక్షలో బయటపడింది. ఉండదగిన హద్దు 0.1 శాతం. 2022లో ఆఫ్రికాలోని గాంబియాలోనూ ఇలాంటి సిరప్పుల వల్లనే 60 మందికి పైగా పిల్లలు పోయారు. 2 ఏళ్ళ లోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు రాయవద్దని, 5 ఏళ్ళ లోపువారికి సాధారణంగా తగవని కేంద్ర ఆరోగ్య సేవల విభాగం 2025 అక్టోబరులో సూచించింది.

పాలలో నీళ్ళు కలిపితే మన కేంద్రంలో ఆ పూటే పట్టుబడతాయి. సిరప్పు సీసాలో ఏముందో తల్లి చేతిలో ఏ లాక్టోమీటరూ చెప్పదు. కనుక అవసరం లేని సిరప్పు కొనకపోవడమే ఆమె చేయగల జాగ్రత్త.

ఇంకొక మాట. దగ్గుతున్న గేదెకు గొట్టంతో మందు పోయవద్దని పశువైద్యులు మీకు చెప్పే ఉంటారు. మందు పొట్టలోకి పోక ఊపిరితిత్తులలోకి పోయి, ఆ పశువు పోయిన సంఘటనలు మీ ఊళ్ళలోనూ ఉంటాయి. దగ్గుతూ ఏడుస్తున్న బిడ్డను వెల్లకిల పడుకోబెట్టి, ముక్కు మూసి మందు పోయడం కూడా అంతే ప్రమాదం. ఏడాది దాటిన పిల్లలకు గోరువెచ్చని నీళ్ళు, చెంచాడు తేనె హాయినిస్తాయి. ఏడాది లోపు బిడ్డకు తేనె నాకించరాదు. అందులో ఉండగల ఒక రకం సూక్ష్మజీవి వల్ల పసివాళ్ళ నరాలు పట్టు తప్పుతాయి.

మూడవ ప్రశ్న: దగ్గుతోపాటు ఇంకేమున్నది?

పిల్లి కూతలు, ఆయాసం, తెల్లవారుజామున ఎక్కువ కావడం ఉంటే ఆస్తమా అని అనుమానించాలి. ఈ మాట రాగానే మీకు ఇక్కడికి దగ్గరలోని నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానం గుర్తుకు వచ్చి ఉంటుంది. మృగశిర కార్తె నాడు బత్తిని వారి కుటుంబం అక్కడ చేప ప్రసాదం ఉచితంగా పంచుతుంది. బతికి ఉన్న చిన్న కొర్రమీను నోట్లో పసుపురంగు మందు పెట్టి మింగిస్తారు. చేప తిననివారికి బెల్లంతో ఇస్తారు. 1845 నుంచి తమ ఇంట ఈ సేవ సాగుతున్నదని ఆ కుటుంబం చెబుతుంది. కరోనా వల్ల 2020 నుంచి మూడేళ్ళు ఆగి, 2023లో మళ్ళీ మొదలైంది. మన సంఘాల ఊళ్ళ నుంచి కూడా రైలెక్కి వచ్చేవారు ఉన్నారు.

దమ్ముతో బాధపడే మనిషి ఆశతో ఎంతదూరమైనా పోతాడు. అందులో ఎగతాళి చేయవలసింది ఏమీ లేదు. డబ్బు తీసుకోకుండా ఇచ్చేవారిని నిందించం. కాని రెండు మాటలు తప్పక చెప్పాలి. ఆ మందులో ఏముందో ఆ కుటుంబం బయటపెట్టలేదు. దానిని మందు అనవచ్చునా అన్న వివాదం కోర్టు దాకా పోయింది. ఆస్తమా మాన్పుతుందని వైద్యశాస్త్రం ఒప్పుకునే రుజువు లేదు. అంతకంటె ముఖ్యమైన సంగతి, ఆ వరుసలో నిలబడే ముందు "నాది ఆస్తమాయేనా?" అని పరీక్ష చేయించుకోని మనిషికి క్షయ ఉంటే, మందుకోసం వచ్చినవాడు చుట్టూ ఉన్నవారికి జబ్బు పంచి పోతాడు. ప్రసాదం తీసుకోవడం, మానడం ఎవరి నమ్మకం వారిది. పరీక్ష మానవద్దు. డాక్టరు ఇచ్చిన ఇన్‌హేలరు మానవద్దు.

ఇన్‌హేలరు అనగానే "అలవాటైపోతుంది, అది ఆఖరి మందు" అనే భయం ఊళ్ళలో ఉంది. లెక్క చూడండి. సాల్బుటమాల్ మాత్ర ఒకటి 4 మిల్లీగ్రాములు. అదే మందు ఇన్‌హేలరులో ఒక పీల్పుకు 100 మైక్రోగ్రాములు, అంటే మాత్రలో 40వ వంతు. మాత్ర ఒళ్ళంతా తిరిగి ఊపిరితిత్తులకు చేరాలి. పీల్చినది నేరుగా చేరుతుంది. కనుక తక్కువ మందుతో పని అవుతుంది. గుండెదడ, చేతి వణుకు కూడా తక్కువ.

నాలుగవ ప్రశ్న: ఎప్పుడు, ఎక్కడ ఎక్కువవుతుంది?

పొయ్యి దగ్గర దగ్గు ఎక్కువైతే మందు పొయ్యిలో ఉంది, సీసాలో లేదు. పిడకల పొగ, కట్టెల పొగ ఏళ్ళ తరబడి మింగిన మన తల్లులకు చుట్ట, బీడీ ముట్టకపోయినా ఊపిరితిత్తులు చెడుతున్నాయి. పేడ ఇంట్లోనే ఉన్న పాడి కుటుంబానికి గోబర్ గ్యాస్ కంటె మంచి దగ్గు మందు లేదంటే అతిశయోక్తి కాదు.

కొట్టంలో బూజుపట్టిన గడ్డి దులిపినప్పుడల్లా, ఆ సాయంత్రం దగ్గు, ఆయాసం, జ్వరం వస్తుంటే, ఆ బూజు ధూళి ఊపిరితిత్తులకు పడడం లేదని గ్రహించాలి. ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి, గడ్డి తడవకుండా వామి వేసుకోవాలి, డాక్టరుకు ఈ సంగతి విడమరచి చెప్పాలి. పడుకున్నప్పుడు గుండెలో మంటతో దగ్గు వస్తే అది కడుపులోని పులుపు పైకి ఎగజిమ్మడం వల్ల కావచ్చు. రక్తపోటుకు వాడే మాత్రలలో ఎనాలాప్రిల్, రామిప్రిల్ వంటివి కొందరికి ఆగని పొడిదగ్గు తెప్పిస్తాయి. అలాంటప్పుడు మాత్ర సొంతంగా మానక, డాక్టరును అడిగి మార్పించుకోవాలి. బీడీ తాగేవారి దగ్గుకు మందు వేరే చెప్పనక్కరలేదు. అలవాటుగా ఉన్న దగ్గు తీరు మారితే మాత్రం వెంటనే పరీక్షకు పోవాలి.

పాలు తాగవచ్చునా?

మమ్మల్ని ఊరూరా అడిగే ప్రశ్న ఇది. పాలు కఫం చేస్తాయని చాలా ఇళ్ళలో దగ్గు రాగానే పిల్లలకు పాలు ఆపేస్తారు. 1990లో ప్రచురితమైన ఒక ఆస్ట్రేలియా పరిశీలనలో 60 మందికి జలుబు వైరస్ ఎక్కించి, వారు తాగిన పాలు, కార్చిన చీమిడి రెండూ రోజూ లెక్కవేశారు. ఎక్కువ పాలు తాగినవారికి చీమిడి ఎక్కువ కాలేదు. పాలు లాలాజలంతో కలిసి గొంతులో కొద్దిసేపు చిక్కగా అనిపించడమే ఈ నమ్మకానికి కారణం. కనుక బిడ్డకు పాలు ఆపవద్దు. తల్లిపాలు అసలే ఆపవద్దు.

మాది పాల సమాఖ్య కాబట్టి పాలను మెచ్చుకుంటున్నామని అనుకోకండి, ఎదుటి పక్షం కూడా మేమే చెబుతాం. మిరియాల పాలు, పసుపు పాలు గొంతుకు హాయినిస్తాయి. అంతే, జబ్బును మాన్పవు. ఒకప్పుడు క్షయకు పాలు, గుడ్లు, మంచిగాలి, విశ్రాంతి తప్ప వేరే దిక్కు లేదు. మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం వంటి శానిటోరియాలు అందుకే వెలిశాయి. 1956లో మద్రాసులో మొదలైన పరిశోధనలో కొందరు రోగులను శానిటోరియంలో మంచి తిండితో ఉంచి, మరికొందరిని పేద ఇళ్ళలోనే ఉంచి, ఇద్దరికీ ఒకే మందు ఇచ్చారు. ఏడాది తిరిగేసరికి ఇద్దరూ దాదాపు ఒకే తీరుగా కోలుకున్నారు. పాలు బలం ఇస్తాయి, మాన్పేది మందు. రెండూ కావాలి గాని, ఒకదాని బదులు మరొకటి పనికిరాదు.

పచ్చిపాలు మాత్రం దగ్గుకే కాదు, దేనికీ మంచివి కావు. పశువులకు వచ్చే క్షయ పచ్చిపాల ద్వారా మనుషులకు సోకవచ్చు. డెయిరీలో 72 డిగ్రీల వేడిలో 15 సెకన్లు ఉంచితే ఆ క్రిమి చస్తుంది. ఇంట్లో ఒక్క పొంగు వచ్చేదాకా కాస్తే చాలు.

సంఘం చేయగలిగింది

ఊళ్ళో ప్రతి ఇంటి మనిషినీ రోజుకు రెండుసార్లు చూసేది డాక్టరు కాదు, సంఘ కార్యదర్శి. ఎవరి దగ్గు ఎన్నాళ్ళ నుంచి వినిపిస్తున్నదో మీకు తెలుస్తుంది. రెండు వారాలు దాటిందనిపిస్తే పదిమందిలో కాదు, పక్కకు పిలిచి "అన్నా, అక్కా, ఒకసారి తెమడ పరీక్ష చేయించుకో" అనండి. కావలసివస్తే ఆశా కార్యకర్తకు చెప్పి తోడు పంపండి.

క్షయ అని తేలితే ఆ ఇంటి పాలు తిప్పి పంపవద్దు. ఈ జబ్బు క్యాను ముట్టుకుంటే, పాసుబుక్కు ముట్టుకుంటే అంటదు, దగ్గినప్పుడు గాలిలో అంటుతుంది. డాక్టరు సరేననేవరకు రోగి కేంద్రానికి రాకుండా ఇంట్లో మరొకరు పాలు పోస్తే చాలు. ఖాతా ఆగకూడదు, బిల్లు ఆగకూడదు. పాల డబ్బు ఆగుతుందనే భయం ఉంటే ఎవరూ జబ్బు బయటపెట్టరు. సేకరణ గది కిటికీలు తెరిచి ఉంచండి, వరుస బయట నిలబెట్టండి.

ఎన్నాళ్ళుగా, ఎవరికి, తోడుగా ఏముంది, ఎప్పుడు ఎక్కువవుతుంది. ఈ నాలుగు ప్రశ్నలూ మీ సంఘం నోటీసు బోర్డు మీద, పాల ధర పక్కనే రాయండి. మా టెస్టరును మొదటి నెలలోనే ఎవరైనా మొదటి ప్రశ్న అడిగి ఉంటే, ఆ మనవరాలు అన్ని నెలలు మాత్రలు మింగవలసి వచ్చేది కాదేమో. ఆ ప్రశ్న ఇకమీదట మీ ఊళ్ళలో మీరు అడుగుతారని ఆశిస్తున్నాం.